పెయింట్‌బాల్ గాలి ట్యాంకు

పెయింట్‌బాల్ ఆటలో రంగు గుళికను విసిరే బలాన్ని తుపాకీకి అందించే చిన్న సిలిండరే పెయింట్‌బాల్ గాలి ట్యాంకు. మనం పీల్చే గాలినే కంప్రెసర్‌తో 3000 లేదా 4500 పీఎస్‌ఐ వరకు, అంటే సుమారు 207 లేదా 310 బార్ల పీడనానికి నొక్కి ఇందులో నింపుతారు. మూతికి బిగించిన రెగ్యులేటరు ఆ పీడనాన్ని తుపాకీ తట్టుకోగల స్థాయికి తగ్గించి వదులుతుంది. ఆటగాళ్లు దీన్ని ట్యాంకు, బాటిల్, హెచ్‌పీఏ (హై ప్రెషర్ ఎయిర్) అని పిలుస్తారు. తుపాకీని మార్కర్ అనడం ఈ ఆటలో వాడుక.

కారు టైరులో పీడనం 30 నుంచి 35 పీఎస్‌ఐ. ఆటోల సీఎన్‌జీ సిలిండర్లలో 200 బార్లు. ఒక చేత్తో సులువుగా ఎత్తగల పెయింట్‌బాల్ ట్యాంకులో అంతకు మించిన పీడనం ఉంటుంది. కాబట్టి ఇది ముందు పీడన పాత్ర, తర్వాతే ఆట సామాను. కొనేవారు సాధారణంగా ‘ఎన్ని గుళికలు కాల్చవచ్చు’ అని అడుగుతారు. దానికన్నా ముందు మూడు సంగతులు తేలాలి: గాలి ఎక్కడ, ఎంత పీడనానికి నింపుతారు, మార్కర్‌కు ఎంత పీడనం కావాలి, ట్యాంకు మీది పరీక్ష తేదీ ఇంకా చెల్లుతుందా. ఈ మూడూ తేలాక పరిమాణం ఎంచుకోవడం తేలిక.

చరిత్ర

పెయింట్‌బాల్ తొలి ఆట 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్ రాష్ట్రంలో, హెనికర్ దగ్గరి అడవిలో జరిగింది. చార్లెస్ గేన్స్ అనే రచయిత, హేస్ నోయెల్ అనే స్టాక్ వ్యాపారి, వారి మిత్రుడు బాబ్ గర్న్‌సీ కలిసి దాన్ని ఏర్పాటు చేశారు. పన్నెండు మంది ఆడారు. ఒక్క గుళికా కాల్చకుండా జెండాలన్నీ సేకరించిన రిచీ వైట్ గెలిచాడు. ఆ రోజు వాడిన నెల్‌స్పాట్ 007 అడవుల్లో చెట్లకు, మందల్లో పశువులకు రంగు గుర్తులు పెట్టడానికి నెల్సన్ పెయింట్ కంపెనీ అమ్మిన పరికరం. 12 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ గొట్టం దానికి శక్తినిచ్చేది. గొట్టంలోని వాయువు అయిపోగానే ఆగి, దాన్ని తీసి కొత్తది పెట్టుకోవాలి.

1980ల నడుమ తిరిగి నింపుకోగల పెద్ద కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు వచ్చాయి. ఆటగాళ్ల చేతిలోని తుపాకీ పంపు కొట్టే రకం నుంచి సెమీ ఆటోమేటిక్‌కు మారింది. కాల్పుల వేగం పెరిగేకొద్దీ ఆ వాయువు బలహీనతలు బయటపడ్డాయి. 1990ల ఆరంభంలో పోటీ ఆటగాళ్లు అధిక పీడన నైట్రోజన్ వైపు మళ్లారు. గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి, మామూలు గాలిని నొక్కి నింపినా ఫలితం ఒకటేనని కొద్దికాలంలోనే తేలింది. మైదానాల్లో కంప్రెసర్లు వెలిశాయి. 1990ల ద్వితీయార్ధంలో స్మార్ట్ పార్ట్స్ సంస్థ షాకర్, డబ్ల్యూడీపీ సంస్థ ఏంజెల్ వంటి ఎలక్ట్రానిక్ మార్కర్లు వచ్చాక గాలి ట్యాంకు తప్పనిసరి అయింది. వేగంగా గుళికలు వదిలే ఆ యంత్రాల్లోని సున్నితమైన సొలెనాయిడ్ వాల్వులు ద్రవ కార్బన్ డయాక్సైడ్ తగిలితే పాడవుతాయి.

కార్బన్ డయాక్సైడ్, గాలి

కార్బన్ డయాక్సైడ్ సిలిండరులో ఎక్కువ భాగం ద్రవమే. పైన చేరిన ఆవిరి తుపాకీలోకి వెళ్తుంటే ద్రవం మరిగి ఆ లోటు భర్తీ చేస్తుంది. చిన్న సిలిండరులో ఎక్కువ వాయువు పట్టడం, ధర తక్కువ కావడం దీని లాభాలు. అయితే ఆ ఆవిరి పీడనం పూర్తిగా ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. సున్నా డిగ్రీల సెల్సియస్ దగ్గర అది సుమారు 35 బార్లు, 20 డిగ్రీల దగ్గర 57 బార్లు. వరుసగా కాలిస్తే మరిగే ద్రవం తన వేడిని తానే కోల్పోయి చల్లబడుతుంది, పీడనం పడిపోతుంది, గుళిక దగ్గరలోనే రాలిపోతుంది. సిలిండరును తలకిందులుగా వంచితే ద్రవమే మార్కర్‌లోకి చేరి సీళ్లను గట్టిపరుస్తుంది.

31.1 డిగ్రీలు కార్బన్ డయాక్సైడ్‌కు సందిగ్ధ ఉష్ణోగ్రత. అది దాటితే ద్రవం, ఆవిరి అనే తేడా ఉండదు, పీడనం నిటారుగా పెరుగుతుంది. మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో నీడపట్టున కూడా ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. అందుకే ఈ సిలిండర్లను పూర్తిగా నింపకుండా, అందులో పట్టే నీటి బరువులో సుమారు మూడింట రెండు వంతుల మేరకే వాయువు ఎక్కిస్తారు.

గాలికి ఈ ఇబ్బంది లేదు. మామూలు ఉష్ణోగ్రతల్లో ఎంత నొక్కినా అది ద్రవంగా మారదు. 25 డిగ్రీల దగ్గర 4500 పీఎస్‌ఐకి నింపిన ట్యాంకు 60 డిగ్రీలకు వేడెక్కితే పీడనం పెరిగేది సుమారు 12 శాతం. రెగ్యులేటరు దాటి బయటికి వచ్చే పీడనం చలికాలంలోనూ ఎండాకాలంలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది. దానివల్ల మొదటి గుళికకూ వందో గుళికకూ వేగంలో పెద్ద తేడా రాదు. గురి నిలకడకు మూలం ఈ నిలకడే. చాలా మైదానాలు గుళిక వేగాన్ని సెకనుకు 300 అడుగులకు, అంటే సుమారు 91 మీటర్లకు మించనివ్వవు. వేగం నిలకడగా ఉంటేనే ఆ హద్దును నమ్మకంగా పాటించగలం. ఇందువల్ల గాలి ట్యాంకు సౌకర్యమే కాదు, ఎదుటి ఆటగాడి ఒంటికి రక్షణ కూడా.

నిర్మాణం

ట్యాంకులో రెండు ముఖ్య భాగాలు: సిలిండరు, దాని మెడలోకి మరతో బిగించిన రెగ్యులేటరు. రెగ్యులేటరు పక్కనే గాలి ఎక్కించే చిన్న నిపుల్, లోపలి పీడనం చూపే గేజి, రెండు రక్షణ బిళ్లలు ఉంటాయి. నిపుల్‌లోని వాల్వు గాలిని లోపలికే పోనిస్తుంది, బయటికి రానివ్వదు.

రెగ్యులేటరు లోపల ఒక పిస్టన్, దాన్ని తెరిచి ఉంచే స్ప్రింగు ఉంటాయి. గాలి ఆ దారిగుండా మార్కర్ వైపు చేరుతూ పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. నిర్ణీత పీడనం రాగానే గాలి తోపు స్ప్రింగు బలాన్ని మించి దారి మూసుకుంటుంది. ఒక గుళిక కాల్చగానే పీడనం తగ్గి దారి మళ్లీ తెరుచుకుంటుంది. ట్యాంకును మార్కర్‌కు బిగించినప్పుడు మార్కర్‌లోని భాగం రెగ్యులేటరు కొనలోని సన్నని పిన్నును నొక్కి గాలిని వదులుతుంది. విప్పితే పిన్ను వెనక్కి వచ్చి గాలి ఆగిపోతుంది.

రక్షణ బిళ్ల పలుచని లోహపు రేకు. హద్దు దాటిన పీడనానికి అదే ముందు చిరిగి, సిలిండరు పగలకుండా గాలిని బయటికి వదిలేస్తుంది. 3000 పీఎస్‌ఐ ట్యాంకుల్లో అధిక పీడన వైపు 5000 పీఎస్‌ఐ బిళ్ల, 4500 ట్యాంకుల్లో 7500 పీఎస్‌ఐ బిళ్ల వాడతారు. రెగ్యులేటరు పాడై మార్కర్ వైపు పీడనం పెరిగిపోతే చిరగడానికి 1800 పీఎస్‌ఐ బిళ్ల వేరే ఉంటుంది. చిరిగిన బిళ్ల స్థానంలో అదే అంకె ఉన్న బిళ్లనే వేయాలి. ఎక్కువ అంకె బిళ్ల వేస్తే సిలిండరుకు ఉన్న ఆఖరి రక్షణ పోతుంది.

అల్యూమినియం, కార్బన్ ఫైబర్

సిలిండర్లు ముఖ్యంగా రెండు రకాలు. పూర్తి అల్యూమినియం ట్యాంకులు సాధారణంగా 3000 పీఎస్‌ఐకి తయారవుతాయి. గోడలు మందం, బరువు ఎక్కువ, ధర తక్కువ. చిన్నచిన్న దెబ్బలకు లొంగవు. మైదానాల్లో అద్దెకిచ్చేవి ఎక్కువగా ఇవే. 48 ఘనపు అంగుళాల అల్యూమినియం ట్యాంకు రెగ్యులేటరుతో కలిపి కిలో పావు పైచిలుకు తూగుతుంది.

రెండో రకంలో లోపల పలుచని అల్యూమినియం కుండ, దాని చుట్టూ రెసిన్‌తో తడిపి బిగువుగా చుట్టిన కార్బన్ ఫైబర్ పోగులు, వాటిపైన గ్లాస్ ఫైబర్ పొర ఉంటాయి. లోపలి లోహం గాలి బయటికి పోకుండా ఆపుతుంది, పీడనపు భారాన్ని చాలావరకు పోగులు మోస్తాయి. అందుకే ఇవి 4500 పీఎస్‌ఐని తట్టుకుంటూ తేలికగా ఉంటాయి. 68 ఘనపు అంగుళాల ట్యాంకు కిలోకు కాస్త అటూఇటూగా తూగుతుంది. అంటే అల్యూమినియం ట్యాంకు కన్నా తక్కువ బరువులో రెట్టింపు గాలి. ధర మాత్రం రెండింతల నుంచి నాలుగింతల వరకు పలుకుతుంది. నింజా, ఎంపైర్ వంటి సంస్థలు రెండు రకాలూ అమ్ముతాయి.

ఫైబర్ ట్యాంకుకు దెబ్బ తగిలితే పైకి చిన్న గీతగా కనిపించేది లోపలి పోగుల దాకా తెగి ఉండవచ్చు. సొట్ట పడితే అల్యూమినియం ఆ సంగతి పైకే చూపిస్తుంది. ఫైబర్ అలా చూపించదు. రాళ్ల నేల మీద పాకుతూ ఆడేవారు దానికి రబ్బరు లేదా నియోప్రీన్ తొడుగు వేయడం మంచిది.

పరిమాణం, గుళికల లెక్క

ట్యాంకును రెండు అంకెలతో చెబుతారు. 68/4500 అంటే లోపలి ఖాళీ 68 ఘనపు అంగుళాలు, నింపగల గరిష్ఠ పీడనం 4500 పీఎస్‌ఐ. ఆటగాళ్లు చాలాకాలంగా వాడే అంచనా ఇది: 3000 ట్యాంకుకు ఘనపు అంగుళానికి పది గుళికలు, 4500 ట్యాంకుకు పదిహేను. ఆ లెక్కన:

13/3000: 0.21 లీటరు, సుమారు 130 గుళికలు
48/3000: 0.79 లీటరు, సుమారు 480 గుళికలు
50/4500: 0.82 లీటరు, సుమారు 750 గుళికలు
68/4500: 1.11 లీటర్లు, సుమారు 1000 గుళికలు
77/4500: 1.26 లీటర్లు, సుమారు 1150 గుళికలు
90/4500: 1.47 లీటర్లు, సుమారు 1350 గుళికలు

ఇది స్థూలమైన అంచనా. మార్కర్ రకాన్ని బట్టి ఫలితం మారుతుంది. లోపల స్పూల్ వాల్వు ఉన్నవి మెత్తగా కాలుస్తాయి గానీ సాధారణంగా ఎక్కువ గాలి తాగుతాయి. పాపెట్ వాల్వు ఉన్నవి పొదుపు. మామూలు 0.68 అంగుళాల గుళిక సుమారు మూడు గ్రాములు తూగుతుంది. అది సెకనుకు 91 మీటర్ల వేగంతో వెళ్లేటప్పుడు దాని గతిశక్తి పన్నెండు జౌళ్ల పైచిలుకు. పిల్లల ఆటలో వాడే 0.50 అంగుళాల గుళిక తేలిక కాబట్టి దానికి గాలీ తక్కువే చాలు.

ఈ అంచనాలో కనిపించని సంగతి ఒకటుంది. ట్యాంకులోని గాలి మొత్తం వాడుకలోకి రాదు. మార్కర్‌కు 850 పీఎస్‌ఐ కావాలంటే, లోపలి పీడనం ఆ స్థాయికి పడిపోయాక మిగిలిన గాలితో గుళిక వేగం తగ్గుతుంది. 3000 ట్యాంకులో ఇలా మిగిలేది పావు వంతు పైనే, 4500 ట్యాంకులో ఐదో వంతు లోపే. తక్కువ పీడనంతో నడిచే మార్కర్ అదే ట్యాంకు నుంచి ఎక్కువ గుళికలు రాబట్టేది ఇందుకే. ట్యాంకును, మార్కర్‌ను వేర్వేరుగా కాకుండా ఒక జతగా చూసి ఎంచుకోవాలి.

ఎంత గాలి అవసరమో తేల్చుకోవడానికి, ఆటలోకి ఎన్ని గుళికలు మోసుకెళ్తామో చూడాలి. మార్కర్ మీది గుళికల డబ్బా సాధారణంగా రెండు వందలు పడుతుంది. నడుముకు కట్టుకునే పాడ్ ఒక్కొక్కటి 140 దాకా పడుతుంది. నాలుగు పాడ్లతో వెళ్లేవారి దగ్గర మొత్తం 760. వారికి 68/4500 నిండుగా సరిపోతుంది. డబ్బా నింపుకొని ఒక పాడ్‌తో సరిపెట్టుకునేవారికి 48/3000 చాలు. పెద్ద ట్యాంకు తీసుకుంటే బరువు పెరగడమే కాదు, మార్కర్ భుజానికి ఆనే తీరు కూడా మారుతుంది. ట్యాంకే చాలా మార్కర్లకు మడమ. దాని పొడవు ఆటగాడి చేతి పొడవుకు కుదరకపోతే గురి చూసేటప్పుడు మెడ వంకరపోతుంది. కొనే ముందు ఆ ట్యాంకు బిగించిన మార్కర్‌ను, ముఖానికి మాస్కు పెట్టుకొని, భుజానికి ఆనించి చూడటం అన్ని లెక్కల కన్నా మేలైన పరీక్ష.

రెగ్యులేటరు పీడనం

రెగ్యులేటరు బయటికి వదిలే పీడనం మూడు స్థాయుల్లో దొరుకుతుంది: 800 నుంచి 850 పీఎస్‌ఐ, 450 పీఎస్‌ఐ దరిదాపు, 300 పీఎస్‌ఐ దరిదాపు. స్ప్రింగు బలంతో నడిచే టిప్‌మన్ 98 వంటి మెకానికల్ మార్కర్లు కార్బన్ డయాక్సైడ్ పీడనాన్ని దృష్టిలో పెట్టుకొని తయారైనవి. వాటికి 800 స్థాయి కావాలి. 450 పీఎస్‌ఐ ట్యాంకు తగిలిస్తే అవి సరిగా తిరిగి సిద్ధం కావు, గుళిక వేగం చాలదు.

ఎలక్ట్రానిక్ మార్కర్లకు సాధారణంగా తమ సొంత రెగ్యులేటరు ఉంటుంది. లోపల వాటికి కావలసింది చాలా తక్కువ పీడనం. వాటికి 450 స్థాయి ట్యాంకు అందిస్తే ఆ రెండో రెగ్యులేటరు మీద భారం తగ్గుతుంది. మార్కర్‌తో వచ్చే పుస్తకంలో ఎంత పీడనం ఇవ్వవచ్చో రాసి ఉంటుంది. ఆ అంకెనే ప్రమాణంగా తీసుకోవాలి. కొన్ని రెగ్యులేటర్లలో స్ప్రింగు కింద పలుచని వాషర్లు చేర్చి, తీసి ఈ స్థాయిని మార్చవచ్చు. ఆ పని శిక్షణ పొందినవారే చేయాలి.

ట్యాంకు పీడనం ఎక్కువైతే గుళిక ఇంకా వేగంగా పోతుందన్న అపోహ కొత్తవారిలో ఉంటుంది. గుళిక వేగాన్ని మార్కర్‌లోని అమరికతో మార్చి, వేగం కొలిచే క్రోనోగ్రాఫ్‌తో సరిచూస్తారు. 4500 ట్యాంకు ఇచ్చేది ఎక్కువ సేపు ఆడే వీలు మాత్రమే.

గాలి నింపుకొనే చోటు

ఎంపికలో చాలామంది మరిచిపోయే అంశం ఇదే. పంక్చర్ షాపులోని కంప్రెసర్ ఇచ్చేది వంద, నూటయాభై పీఎస్‌ఐ. ఈ ట్యాంకుకు అంచెలంచెలుగా నొక్కే అధిక పీడన కంప్రెసర్ కావాలి. పెయింట్‌బాల్ మైదానాల్లో, కొన్ని క్రీడా సామగ్రి దుకాణాల్లో, స్కూబా డైవింగ్ కేంద్రాల్లో అలాంటివి ఉంటాయి. వీటిలో కొన్ని 3000 పీఎస్‌ఐ దగ్గరే ఆగిపోతాయి. అలాంటి చోట 4500 ట్యాంకు మూడింట రెండు వంతులే నిండుతుంది. 68/4500 ట్యాంకును 3000కే నింపితే దొరికేవి సుమారు 680 గుళికలు. అప్పుడు కొన్నవారు పెట్టిన అదనపు ధరకు మిగిలే లాభం తక్కువ బరువు, కాస్త పెద్ద ఖాళీ మాత్రమే. దీనికి విరుద్ధంగా 3000 పీఎస్‌ఐ ట్యాంకును 4500కి నింపడం ప్రాణాపాయం.

గాలిని నొక్కితే వేడెక్కుతుంది. గబగబా నింపిన ట్యాంకు గేజి 4500 చూపినా, చల్లారాక కొన్ని వందల పీఎస్‌ఐ తగ్గుతుంది. నిదానంగా నింపితే ఆ నష్టం తక్కువ, సీళ్లకూ మంచిది. నింపే ముందు నిపుల్‌ను పొడి గుడ్డతో తుడవాలి. దుమ్ము లోపలికి పోతే వాల్వు సరిగా మూసుకోదు.

నిపుల్‌లో నూనె, గ్రీజు చుక్క కూడా వేయకూడదు. అధిక పీడన గాలి ఒక్కసారిగా దూసుకొచ్చినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె డీజిల్ ఇంజనులోలాగే అంటుకొని, రెగ్యులేటరును పేల్చేయగలదు. తుప్పు పట్టిందనో బిగుసుకుపోయిందనో నూనె వేయడానికి సిద్ధపడే వారికి ఈ మాట గట్టిగా చెప్పాలి. ఆక్సిజన్ నింపడమూ ఇదే కారణంగా నిషిద్ధం.

ముద్రలు, జల పరీక్ష, ఆయుష్షు

ప్రతి సిలిండరు మీదా అది ఏ ప్రమాణానికి తయారైంది, ఎంత పీడనానికి, ఏ నెలలో, ఏ సంవత్సరంలో పరీక్షించారు అన్న వివరాలు ఉంటాయి. అల్యూమినియం మీద అవి లోహంలోకి కొట్టిన అచ్చులు. ఫైబర్ ట్యాంకు మీద రెసిన్ పొర కింద అతికిన చీటీ. అమెరికాలో రవాణా శాఖ ప్రమాణం డీఓటీ ముద్రగా కనిపిస్తుంది. అల్యూమినియం ట్యాంకు మీది 3ఏఎల్ 3000 అన్న అచ్చుకు, ఆ తరగతి సిలిండరు 3000 పీఎస్‌ఐకి తయారైందని అర్థం. ఫైబర్ ట్యాంకులు ఆ శాఖ ఇచ్చే ప్రత్యేక అనుమతి కింద తయారవుతాయి. ఐరోపాలో 2010/35/ఈయూ ఆదేశం ప్రకారం గ్రీకు అక్షరం పై (π) ముద్ర ఉంటుంది. కెనడాకు టీసీ ముద్ర వేరే.

అమెరికా నిబంధనల్లో ఈ సిలిండర్లకు సాధారణంగా ఐదేళ్లకోసారి జల పరీక్ష జరగాలి. రెగ్యులేటరు విప్పి, సిలిండరును నీటితో నింపి, నీటి తొట్టిలో ఉంచి, పని పీడనానికి మూడింట ఐదు వంతుల దాకా నొక్కుతారు. 3000 ట్యాంకుకు 5000, 4500 ట్యాంకుకు 7500 పీఎస్‌ఐ. అప్పుడు సిలిండరు ఎంత ఉబ్బిందో, పీడనం తీసేశాక ఎంత మేరకు తిరిగి యథాస్థితికి వచ్చిందో కొలుస్తారు. 3ఏఎల్ సిలిండరులో శాశ్వతంగా మిగిలిన ఉబ్బు మొత్తం ఉబ్బులో పదో వంతు దాటితే దాన్ని వాడుక నుంచి తొలగిస్తారు. గాలికి బదులు నీళ్లు వాడటానికి కారణం ఉంది. నీరు దాదాపు కుదించుకుపోదు కాబట్టి, సిలిండరు పగిలినా శక్తి ఉప్పెనలా బయటికి రాదు.

ఫైబర్ ట్యాంకులకు ఈ పరీక్షలతో పాటు మొత్తం ఆయుష్షుకూ హద్దు ఉంది. సాధారణంగా తయారైన నాటి నుంచి పదిహేనేళ్లు. ఆ తర్వాత ఎంత కొత్తగా కనిపించినా పరీక్షకు తీసుకోరు. అల్యూమినియం ట్యాంకు పరీక్షలో నెగ్గినంతకాలం చెల్లుతుంది. గడువు దాటిన ట్యాంకును బాధ్యత గల మైదానం నింపదు, నింపకూడదు.

ప్రమాదాలు, జాగ్రత్తలు

ట్యాంకు ప్రమాదాల్లో అతి ఘోరమైనది మర విప్పుకోవడం. మార్కర్ నుంచి ట్యాంకును విప్పుతున్నామనుకొని తిప్పితే, సిలిండరు నుంచి వాల్వు విడిపోవచ్చు. అప్పుడు సిలిండరు రాకెట్టులా దూసుకుపోతుంది. 2004లో అమెరికా వినియోగ వస్తువుల భద్రతా సంఘం కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ల విషయంలో ఇటువంటి రెండు మరణాలను పేర్కొంటూ హెచ్చరిక జారీ చేసింది. సిలిండరు మీద, రెగ్యులేటరు మీద కలిసేలా గోళ్ల రంగుతో ఒక గీత గీసి ఉంచితే, రెండు సగాలూ ఎప్పుడు పక్కకు జరిగినా తెలిసిపోతుంది. గీత విడిపోయిందంటే అక్కడే ఆపి, నిపుణుడికి అప్పగించాలి.

ట్యాంకు కొనలోని ఓ-రింగు తరచూ చిరిగే భాగం. దాని కొలత సాధారణంగా 015. మెత్తని రబ్బరు కన్నా గట్టి యురెథేన్ రింగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. వీటిని నాలుగైదు జేబులో ఉంచుకోవడం అనుభవజ్ఞుల అలవాటు. ట్యాంకు బిగించగానే బుస్సుమంటే ముందు చూడాల్సింది ఈ రింగునే. ఎప్పటికీ ఆగని సన్నని లీకు, ఊరికే పెరుగుతూ పోయే బయటి పీడనం రెగ్యులేటరు లోపలి సీటు అరిగిందనడానికి సూచనలు.

ఎండలో మూసిన కారులో నిండు ట్యాంకు వదలకూడదు. దాచేటప్పుడు పూర్తిగా ఖాళీ చేయకుండా కొద్దిపాటి గాలి ఉంచితే తేమ, దుమ్ము లోపలికి చేరవు. రంగు వదిలించే రసాయనాలు, మంట వేడి ఫైబర్ రెసిన్‌ను పాడుచేస్తాయి. ఫైబర్ ట్యాంకుకు కొత్త రంగు వేయించడం, చీటీ గీకడం దాని చెల్లుబాటునే పోగొడతాయి.

పాత ట్యాంకు కొనడం

వాడిన ట్యాంకు కొనేటప్పుడు మొదట తయారీ తేదీ, తర్వాత చివరి జల పరీక్ష తేదీ చదవాలి. పదమూడేళ్ల ఫైబర్ ట్యాంకు ఎంత చవగ్గా వచ్చినా మిగిలింది రెండేళ్ల వాడుకే. పోగులు పైకి లేచిన చోటు, లోతైన గీత, నల్లబడిన మచ్చ, చదవలేని చీటీ కనిపిస్తే వదులుకోవాలి. అల్యూమినియం ట్యాంకులో మెడ దగ్గర పగులు, లోతైన సొట్ట ఉన్నా అంతే. జల పరీక్షకయ్యే ఖర్చును, రవాణా ఖర్చును ధరకు కలిపి చూస్తే, కొత్త అల్యూమినియం ట్యాంకే చవక కావచ్చు.

మెడ మరలు కూడా అన్నిచోట్లా ఒకటి కావు. అమెరికా సిలిండర్లలో అంగుళాల కొలతల మర, ఐరోపాలో కొన్నిటికి మిల్లీమీటర్ల కొలతల మర ఉంటుంది. చూడటానికి దగ్గరగా ఉన్న రెండు మరలను బలవంతంగా కలపడం పైన చెప్పిన రాకెట్టు ప్రమాదాన్ని కొని తెచ్చుకోవడమే.

భారతదేశంలో

హైదరాబాద్ పరిసరాల్లోని రిసార్టులు, సాహస క్రీడా కేంద్రాలు పెయింట్‌బాల్ ఆడిస్తున్నాయి. ఇక్కడ ఆటగాడు మార్కర్, ట్యాంకు, మాస్కు అన్నీ అద్దెకు తీసుకుంటాడు. ట్యాంకు ఎంపిక నిర్వాహకుడి బాధ్యత. అయినా ముద్రలోని తేదీ అడిగి చూడటం ఆటగాడి హక్కు.

మన దేశంలో పీడన సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నియమాలు, 2016 పరిధిలోకి వస్తాయి. నాగపూర్ కేంద్రంగా పనిచేసే పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ వీటిని అమలు చేస్తుంది. నియమాల ప్రకారం 500 మిల్లీలీటర్లు మించిన పాత్ర గ్యాస్ సిలిండరు అవుతుంది. 48 ఘనపు అంగుళాల ట్యాంకు 787 మిల్లీలీటర్లు కాబట్టి ఈ లెక్కలోకి వస్తుంది. విదేశీ ముద్ర ఉన్నంత మాత్రాన ఇక్కడ అనుమతి ఉన్నట్టు కాదు. దిగుమతికి, నింపడానికి ఈ సంస్థ అనుమతులు తప్పనిసరి.

అమెరికాలో ఉండి ఈ ఆట నేర్చుకున్న తెలుగువారు ట్యాంకును స్వదేశానికి తేవాలనుకుంటే ముందు ఈ నియమాలు చూసుకోవాలి. విమానంలో తీసుకెళ్లడానికీ షరతు ఉంది. రెగ్యులేటరు పూర్తిగా విప్పి, సిలిండరు లోపలి భాగం తనిఖీ సిబ్బందికి కనిపించేలా ఉంటేనే అమెరికా రవాణా భద్రతా సంస్థ అనుమతిస్తుంది. రెగ్యులేటరును ఇంట్లో విప్పడం, తిరిగి బిగించడం ప్రమాదకరం. ఆ పనిని దుకాణంలోని నిపుణుడికి అప్పగించాలి. అనుమతి ఇచ్చాక కూడా విమాన సంస్థ నిరాకరించవచ్చు కాబట్టి ముందుగా కనుక్కోవాలి.

ఎవరికి ఏది

ఏడాదికి రెండు మూడుసార్లు ఆడేవారు ట్యాంకు కొనకుండా అద్దెకు తీసుకోవడమే మేలు. కొన్న ట్యాంకు మూలన పడి ఉన్నా పరీక్ష గడువు కరిగిపోతూనే ఉంటుంది. నెలకోసారి ఆడే కొత్తవారికి, 3000 పీఎస్‌ఐ మాత్రమే దొరికే ప్రాంతాల వారికి 48/3000 అల్యూమినియం సరిపోతుంది. ప్రతి వారం ఎలక్ట్రానిక్ మార్కర్‌తో ఆడేవారికి, దగ్గరలో 4500 పీఎస్‌ఐ నింపే చోటు ఉంటే, 68/4500 సమతూకమైన ఎంపిక. ముందు వరుసలో అడ్డాల వెనక నక్కి ఆడేవారు తేలికైన 50/4500ను, వెనక నుంచి ఆపకుండా కాల్చి తోటివారికి అండగా ఉండేవారు 77 లేదా 90ని ఇష్టపడతారు. పంపు మార్కర్, పిస్టల్ వాడేవారికి 13/3000 చాలు. చేతిలో బరువు మోయలేనివారు చుట్టల గొట్టంతో ట్యాంకును వీపుకు కట్టుకోవచ్చు.

ఎవరు ఏది ఎంచుకున్నా పాటించాల్సిన క్రమం ఒకటే: నింపే చోటు, మార్కర్ పీడనం, పరీక్ష తేదీ, మోసుకెళ్లే గుళికలు, భుజానికి కుదురు, ఆఖరున ధర. చవకగా వస్తుందని గడువు తీరిన ట్యాంకును ఒప్పుకుంటే ఆ ముప్పు కొన్నవారితో ఆగదు. గాలి నింపే కుర్రాడికి, పక్కన నిలబడ్డ మిత్రులకు కూడా అందులో వాటా పడుతుంది.